గ్రూపు ఎవరు ఎన్నుకుంటారు?

(మంథనిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకు 'ఆడపిల్లలు, ఉన్నత విద్య' అనే విషయం ఇచ్చారు. అంత పెద్ద విషయం మీద మాట్లాడితే అందరం తలలూపి, టీ తాగి ఇళ్ళకు వెళ్ళిపోతాం. అందుకని వాళ్ళను అడిగి దాన్ని ఒక్క కాగితానికి కుదించుకున్నాను. పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే నింపే జూనియర్ కాలేజీ దరఖాస్తు అది. అందులో గ్రూపు అని ఒక గడి ఉంటుంది. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ. ఆ గడి నింపేనాటికి ఆ అమ్మాయికి పదిహేనో పదహారో ఏళ్ళు. ఓటు లేదు. పెళ్ళికి చట్టం ఒప్పుకోదు. కాని రేపు ఆమె ఏ పని చేసి బతకగలదో, ఏ పని దగ్గరికి కూడా పోలేదో ఆ గడితో చాలావరకు తేలిపోతుంది.

ఆ గడి నింపేది ఎవరు? ఇవాళ నేను అడగదలచుకున్నది ఇంతే.

ముందు నా సంగతి చెబుతాను. నాది ఈ ప్రాంతమే. 1995లో పదో తరగతి పాసయ్యాను. లెక్కల్లో 91 వచ్చాయి. ఇంట్లో పండుగ చేశారు, బెల్లం పంచారు. ఆ తర్వాత మూడు నాలుగు రోజులకు మా చిన్నబాపు కాలేజీకి పోయి ఫారం తెచ్చి, నింపి, నా చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. గ్రూపు దగ్గర బైపీసీ అని ఉంది. నాకు లెక్కలు కావాలన్నాను. ఆయన కోపం చేయలేదు. చాలా ప్రేమగా, "బిడ్డా, ఆడపిల్లకు బైపీసీ మంచిగుంటది. ఎంపీసీ అంటే మళ్ల ఇంజనీరింగు, దూరం పోవుడు, అదంత మనకెందుకు" అన్నాడు. మా బాపు పక్కనే కూర్చుని ఉన్నాడు, మాట్లాడలేదు. అవ్వ వంటింట్లో ఉంది. నేను సంతకం పెట్టాను. రెండేళ్ళ తర్వాత మా తమ్ముడికి లెక్కల్లో 61 వచ్చాయి. వాడిని ఎంపీసీలో చేర్చారు. వాడికి బొమ్మలు వేయడమంటే ప్రాణం. వాడిని కూడా ఎవరూ అడగలేదు. వాడిది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. మగపిల్లవాడు కాబట్టి వాడి మీద ఒక బరువు పెట్టారు, ఆడపిల్లను కాబట్టి నా ముందు ఒక గోడ పెట్టారు. రెండు పనులూ చేసింది ఒకే చేయి.

తర్వాత బీజడ్‌సీతో డిగ్రీ, ఆపైన ఎం.ఏ. సమాజశాస్త్రం. పీహెచ్‌డీ చేసేటప్పుడు గణాంకశాస్త్రం లేకుండా పని జరగలేదు. ముప్పై ఏళ్ళ వయసులో తెలుగు అకాడమీ వారి ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం కొనుక్కుని, హాస్టలు గదిలో రాత్రిళ్ళు చదువుకున్నాను. ఆ పుస్తకం నాకు పదిహేనేళ్ళు ఆలస్యంగా చేరింది.

ఇదంతా 1995 నాటి ముచ్చట కదా, ఇప్పుడు కాలం మారింది కదా అని మీరనవచ్చు. మారింది. ఎంత మారింది, ఎక్కడ మారలేదు అన్నది చూద్దాం.

మంథనికి చదువు కొత్త కాదు. మంత్రపురి అని పేరున్న ఊరు, గోదావరి ఒడ్డున వేదం చెప్పుకున్న ఊరు. ఆ చదువులో స్త్రీలకూ శూద్రులకూ దళితులకూ గ్రూపు ఎంచుకునే బాధే లేదు, తలుపు దగ్గరే ఆపేశారు. తర్వాతి కాలంలో ఈ ఊరికి ఆధునిక విద్యతో ఒక విచిత్రమైన సంబంధం ఏర్పడింది. 1957 నుంచి 1977 దాకా మంథని శాసనసభ్యుడిగా ఉన్న పి.వి. నరసింహారావు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు. 1969లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చాక మన పిల్లలు చదివిన ఫిజిక్సు, బోటనీ, లెక్కల తెలుగు పుస్తకాలు ఆ అకాడమీవే. 1986 జాతీయ విద్యావిధానం పార్లమెంటుకు వచ్చినప్పుడు కేంద్రంలో ఆ శాఖ మంత్రి కూడా ఆయనే. స్త్రీల సమానత్వం కోసం విద్య అనే మాట ఆ విధానంలో ఉంది. వృత్తి విద్యల్లో, ఉద్యోగ విద్యల్లో ఇది ఆడవాళ్ళ చదువు, ఇది మగవాళ్ళ చదువు అనే మూస పోవాలని కూడా అందులో రాశారు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి?

నిజానికి ఆ మాట 1986 కన్నా పాతది. మా పెద్దమ్మ చెప్పేది, ఆమె చదివిన రోజుల్లో హైస్కూల్లో జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు అని రెండు రకాలుండేవట. ఆడపిల్లలు జనరల్ తీసుకోవాలని ఎవరూ శాసనం చేయలేదు. కాని తీసుకునేవాళ్ళు. 1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన స్త్రీ విద్య మీద జాతీయ కమిటీ ఏర్పడింది. 1960ల మొదట్లో హంసా మెహతా కమిటీ సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకుంది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు పాఠ్యక్రమం ఉండాలా? అక్కర్లేదని తేల్చింది. తెలివిలో ఉన్నాయనుకునే తేడాలు పుట్టుకతో వచ్చినవి కావు, సమాజం పెంచినవి అని చెప్పింది. 1966లో కొఠారీ కమిషన్ దాన్ని సమర్థించి, ఆడపిల్లలను లెక్కల వైపు, సైన్సు వైపు ప్రోత్సహించాలనీ, ఆ విషయాలు చెప్పే మహిళా ఉపాధ్యాయులను ప్రత్యేకంగా తయారుచేయాలనీ అంది. దాదాపు అరవై ఏళ్ళయింది. మన మండలాల్లో ఇంటర్ లెక్కలు చెప్పే మహిళా లెక్చరర్లు ఎంతమంది ఉన్నారో మీరే వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పండి.

ఇప్పుడు బైపీసీ సంగతికి వద్దాం. బైపీసీ తక్కువ చదువని నేను అనడం లేదు, దయచేసి అలా వినకండి. రెండు గ్రూపుల్లో ఏది గొప్పది అనే పోటీ కార్పొరేటు కాలేజీల గోడల మీద ర్యాంకుల ఫోటోలతో చాలినంత జరుగుతోంది. నేను అడుగుతున్నది, ఒక గ్రూపు ఆడపిల్లల గ్రూపు ఎట్లా అయింది అని. తెలంగాణ ఎంసెట్, 2024 నుంచి ఈఏపీసెట్ అంటున్నాం, దాంట్లో వ్యవసాయం, ఫార్మసీ విభాగం రాసేవాళ్ళలో అమ్మాయిలు అబ్బాయిల కన్నా చాలా ఎక్కువ. ఇంజనీరింగ్ విభాగానికి వస్తే అబ్బాయిలు ఎక్కువ. దేశం మొత్తం మీద కూడా ఇదే తీరు. 2020-21 ఉన్నత విద్యా సర్వే ప్రకారం సైన్సు చదువుల్లో అమ్మాయిలు సగం దాటిపోయారు. ఇంజనీరింగ్ డిగ్రీల్లో మాత్రం పదిమందిలో ముగ్గురు. ఐఐటీల్లో 2018లో అమ్మాయిల కోసం అదనపు సీట్లు సృష్టించాల్సి వచ్చింది, 2020 నాటికి వాటిని 20 శాతం దాకా తెచ్చారు. బ్రిటన్‌లో పిల్లలు పదహారేళ్ళకు విషయాలు ఎంచుకుంటారు. అక్కడ ఫిజిక్సు తీసుకునేవాళ్ళలో అమ్మాయిలు పావు వంతు కూడా లేరు, బయాలజీలో మాత్రం వాళ్ళదే పైచేయి. కాబట్టి ఇది మంథని వెనకబాటుతనం మాత్రమే కాదు.

కాని మన దగ్గర ఒక తేడా ఉంది, దాన్ని గమనించాలి. బ్రిటన్ అమ్మాయి ఫిజిక్సు వదిలేస్తుంది. మన బైపీసీ అమ్మాయి ఫిజిక్సు వదలదు, వదలడానికి లేదు. బైపీసీలో ఫిజిక్సు, కెమిస్ట్రీ రెండూ ఉంటాయి. ఫిజిక్సు పుస్తకం ఎంపీసీ వాళ్ళదీ బైపీసీ వాళ్ళదీ ఒకటే, పేపరు ఒకటే. ఆ పుస్తకం తెరిస్తే మొదటి అధ్యాయాల్లోనే సదిశలు వస్తాయి, అవకలనం వస్తుంది. ఎంపీసీ పిల్లలకు పక్క గదిలో లెక్కల సారు అవి చెబుతుంటాడు. బైపీసీ పిల్లలకు ఎవరూ చెప్పరు. "అమ్మాయిలకు లెక్కలు కష్టం, బైపీసీ తీసుకో" అని చెప్పి, లెక్కలు లేకుండా లెక్కలున్న ఫిజిక్సు చదవమంటున్నాం. ఆమె అక్కడ తడబడితే చూశారా, ముందే చెప్పాం అంటాం. నాకు తెలిసి బైపీసీ అమ్మాయిలు ఎక్కువ భయపడే పేపరు ఫిజిక్సే. ఆ భయం ఆమె బుర్రలో పుట్టింది కాదు, టైంటేబుల్లో పుట్టింది.

ఇక తలుపుల సంగతి. మీరు ఊళ్ళలో తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఇవి చేతిలో ఉండాలి కాబట్టి చెబుతున్నాను. బైపీసీ చదివితే ఎంబీబీఎస్, దంత వైద్యం, ఆయుర్వేదం, హోమియో, పశువైద్యం, వ్యవసాయ బీఎస్సీ, బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ. ఎంపీసీ వాళ్ళకు ఇవి ఉండవు. ఎంపీసీ చదివితే ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు, లెక్కలు, ఫిజిక్సు, స్టాటిస్టిక్సు డిగ్రీలు. మామూలుగా ఇవి బైపీసీ వాళ్ళకు ఉండవు. బీఫార్మసీ రెండు గ్రూపుల వాళ్ళకూ ఉంది. బీఏ, బీకాం, లా, టీచర్ ట్రైనింగు ఎవరికైనా ఉన్నాయి. 2021లో సుప్రీంకోర్టు జోక్యంతో ఎన్డీఏ ప్రవేశ పరీక్ష అమ్మాయిలకు తెరిచారు. 2022లో మొదటి బ్యాచి చేరింది, 2025లో పదిహేడుమంది పట్టా పుచ్చుకున్నారు. అక్కడ కూడా నౌకాదళం, వైమానిక దళం కావాలంటే ఇంటర్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు ఉండాలి. దారి మార్చుకునే వీలు అసలే లేదని కాదు. ఇంటర్ అయ్యాక బయాలజీని అదనంగా చదివిన వాళ్ళు కూడా నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. కాని ఒక సంవత్సరం ఇంట్లో కూర్చుని అదనంగా చదివే అవకాశం మన ఊళ్ళలో ఏ ఆడపిల్లకు ఇస్తారు? ఆ సంవత్సరంలో సంబంధాలు చూస్తారు.

ఇందులో ఇంకో లెక్క ఉంది. బైపీసీ అనగానే డాక్టరు అని అనుకుంటారు. 2024లో నీట్ రాసినవాళ్ళు 23 లక్షల పైచిలుకు. సగానికి పైగా అమ్మాయిలే. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. 2022లో రామగుండం, మంచిర్యాల, జగిత్యాలల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, సంతోషమే. అయినా మొదటిసారి సీటు వచ్చేది ఎందరికి? రానివాళ్ళకు లాంగ్ టర్మ్ కోచింగు. దానికి ఫీజు, హాస్టలు కలిపితే ఇంట్లో ఉన్న బంగారం బ్యాంకు లాకరుకు పోతుంది. అది కొడుకు కోసమైతే పోతుంది. కూతురి కోసమైతే, "ఆ బంగారం దాని పెండ్లికే గద" అంటారు. అంటే ఖర్చు తక్కువ, దూరం తక్కువ అని ఎంచిన గ్రూపే చివరికి ఎక్కువ ఖర్చు, ఎక్కువ దూరం అడుగుతుంది. అడిగినప్పుడు ఇల్లు వెనక్కి తగ్గుతుంది. ఇంటర్ అయ్యేసరికి అమ్మాయికి పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు ఇంటికి ఇంకో ఫారం వస్తుంది, కల్యాణ లక్ష్మి. 2014లో 51 వేలతో మొదలై 2018 నాటికి లక్షా నూట పదహార్లయింది. పేదింటి తల్లిదండ్రులు ఆ డబ్బు తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. ప్రభుత్వం లాంగ్ టర్మ్ కోచింగుకు ఇవ్వని లక్ష పెళ్ళికి ఇస్తోంది అని మాత్రం అంటాను.

ఇప్పుడు ఒక తల్లి మాట. కాటారం వైపు ఒక ఊరిలో, పత్తి ఏరి వచ్చి అరుగు మీద కూర్చున్న ఒక అవ్వతో మాట్లాడాను. కూతురికి పదో తరగతిలో 9.7 జీపీఏ. బైపీసీలో చేర్చింది. ఎందుకమ్మా అని అడిగితే ఆమె చెప్పింది: "ఎంపీసీ సదివినోళ్లు ఏమయితరో నాకెర్కలేదు బిడ్డా. మా ఊర్ల నెలకు జీతం తెచ్చే ఆడామె ఒక్కతే, నర్సమ్మ. గది నా కండ్లకు కనవడ్డది. నా బిడ్డ గట్లన్నా అయితది."

ఇంతకాలం ఈ విషయం మీద నేను చదివిన వ్యాసాలన్నిటికన్నా ఆ మాట నాకు ఎక్కువ నేర్పింది. మనం ఊరికే పితృస్వామ్యం అని ఒక ముద్ర వేసి పక్కన పెడతాం. ఆ తల్లి చేసింది తన కంటికి ఆనిన మేరకు చాలా తెలివైన లెక్క. ఊరిలో ఏ ఆడమనిషి తన కాళ్ళ మీద నిలబడి ఉందో చూసి, కూతురిని అటు నడిపించింది. ఆమెకు మహిళా ఇంజనీరు కనబడలేదు, లెక్కల టీచరమ్మ కనబడలేదు, సర్వేయరు కనబడలేదు. ఆ నర్సమ్మ ఉద్యోగం కూడా కాంట్రాక్టుదే కావచ్చు. 2023 ఆగస్టులో తమను రెగ్యులర్ చేయమని రెండో ఏఎన్ఎంలు సమ్మె చేశారు, మీలో కొందరు వాళ్ళ శిబిరాల్లో కూర్చున్నారు కూడా. ఆడవాళ్ళ చదువు ఆడవాళ్ళ ఉద్యోగానికి పోతుంది, అది ఆడవాళ్ళది కాబట్టి జీతం తక్కువ, భద్రత తక్కువ. సేవ, ఓర్పు, చల్లని చేయి అని పొగుడుతారు. పొగడ్తకు డీఏ ఉండదు.

అదే ఊరిలో ఆ కూతురితో తర్వాత విడిగా మాట్లాడాను. ఆమె మొదట బయాలజీ ఇష్టం అంది. కొంతసేపు పోయాక, తలుపు వైపు చూసి, చిన్న గొంతుతో, "నాకు లెక్కలే ఇష్టం మేడం. కాని ఇష్టమని చెప్తే నన్ను కరీంనగర్ పంపాలె గద. మా అన్న బాకీలే ఇంక తేరలే" అంది. ఇంటి అప్పు లెక్క తెలిసి, తన ఇష్టాన్ని మింగి, మింగిన సంగతి కూడా ఎవరికీ తెలియకుండా మోస్తోంది ఆ పిల్ల. మనం సర్వేకు పోయి, నీకు ఏ విషయం ఇష్టం అని అడిగితే బయాలజీ అని రాసుకుని వస్తాం. ఇష్టపడి చేరింది అని రిపోర్టులో పెడతాం.

ఎందుకు కరీంనగర్ పోవాలి? ఇక్కడే కాలేజీ ఉంది కదా. ఉంది. కాని కాలేజీలో గ్రూపు ఉండటం వేరు, గ్రూపులో చదువు ఉండటం వేరు. కస్తూర్బా విద్యాలయాలు 2004లో మొదలయ్యాయి. 2018 నుంచి వాటిలో కొన్నింట్లో ఇంటర్ పెట్టారు. బడి మానేసిన పిల్లలకు, తల్లిదండ్రులు లేని పిల్లలకు అది నిజంగా ఆసరా, నేను వాటిని చాలా గౌరవిస్తాను. కాని చాలాచోట్ల ఒక్కో విద్యాలయంలో ఉన్నవి రెండు గ్రూపులే. ఇక్కడ ఏ రెండు ఉన్నాయో అవే ఈ పిల్లల ఇష్టాలు. పక్క మండలంలో ఇంకో రెండు. ఒక అమ్మాయి నాతో నవ్వుతూ అంది, "మేడం, మా మండలం పిల్లలందరికీ నర్సింగే ఇష్టం, పక్క మండలం పిల్లలందరికీ కామర్సే ఇష్టం." నవ్వుతూనే అంది.

దూరం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. మంథని డిపో పరిధిలో దీనివల్ల ఎంతమంది అమ్మాయిలు కాలేజీకి రాగలుగుతున్నారో నేను కళ్ళతో చూశాను. ఛార్జీ అనే సాకు పోయింది. ఇక మిగిలింది వేళ. కాలేజీ తొమ్మిదికి మొదలైతే బస్సు పదింటికి వచ్చే ఊళ్ళున్నాయి. సాయంత్రం ప్రాక్టికల్స్ అయ్యేసరికి చివరి బస్సు పోయే ఊళ్ళున్నాయి. ప్రాక్టికల్ పరీక్ష రెండో సంవత్సరంలో ఉంటుంది, ఒక్కో విషయానికి 30 మార్కులు. బైపీసీలో నాలుగు విషయాలు, 120 మార్కులు. మార్కులు ఎట్లాగో పడతాయి, అందరికీ తెలిసిన రహస్యం. బ్యురెట్ పట్టుకోకుండా, మైక్రోస్కోపులో కన్ను పెట్టకుండా సైన్సు విద్యార్థిని అనిపించుకుని బయటికి వచ్చిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. అది ఏ కాలేజీ అని అడగకండి, ఒక్కదాని పేరు చెబితే మిగతావాటికి అన్యాయం చేసినట్టవుతుంది.

భాష ఇంకో అడ్డు. పదో తరగతి దాకా ద్రవ్యవేగం, జడత్వం, కిరణజన్య సంయోగక్రియ అని నేర్చుకున్న పిల్ల ఇంటర్లో ఒక్కసారిగా అంతా ఇంగ్లీషులో వినాల్సి వచ్చేది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు, ఆ పిల్లలు ఇంటర్‌కు వచ్చేనాటికి పరిస్థితి ఎట్లా ఉంటుందో చూడాలి. నా అనుభవంలో ఎంపీసీ వద్దన్న చాలామంది ఆడపిల్లలు లెక్కలకు భయపడలేదు, ఇంగ్లీషులో లెక్కలు చెప్పే సారుకు భయపడ్డారు. తరగతిలో లేచి ప్రశ్న అడగడానికి భయపడ్డారు. నలభై మంది అబ్బాయిల మధ్య ఆరుగురు అమ్మాయిలు, మొదటి బెంచీలో ఒదిగి కూర్చుని.

ఈ ప్రాంతంలోనే మరో పక్క ఏముందో చూడండి. మంథని పేరుతోనే జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2010లో సెంటినరీ కాలనీలో వచ్చింది. అందులో మైనింగ్ ఇంజనీరింగు ఉంది. చుట్టూ సింగరేణి గనులు. గనుల చట్టం, 1952 నాటిది, 46వ సెక్షన్ కింద ఆడవాళ్ళు భూగర్భంలో పని చేయడాన్ని నిషేధించింది. ఆడవాళ్ళ రక్షణ కోసమే అన్నారు. బొగ్గు బాయి కార్మికుల ఇళ్ళలో ఆడవాళ్ళు ఏ రక్షణలో బతికారో సింగరేణి కాలనీల్లో పని చేసిన మీకు తెలుసు. 2019లో కేంద్రం ఆ నిషేధానికి మినహాయింపు ఇచ్చి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో పగటిపూట ఆడవాళ్ళు భూగర్భంలోకి దిగవచ్చని చెప్పింది. భూపాలపల్లి ప్రాంతం అమ్మాయి రసకట్ల సంధ్య మైనింగ్ చదివి రాజస్థాన్‌లో భూగర్భ గనిలో ఉద్యోగానికి వెళ్ళింది. పత్రికల్లో ఫోటో వచ్చింది. చట్టం తెరుచుకుంది, కాలేజీ పక్కనే ఉంది, రాష్ట్రంలో ఆడపిల్లలకు మూడో వంతు సీట్ల రిజర్వేషను ఉంది. కాని అక్కడికి పోవాలంటే పదిహేనేళ్ళప్పుడు ఆ గడిలో ఎంపీసీ అని ఉండాలి. పత్తి ఏరి వచ్చిన ఆ అవ్వకు మైనింగ్ ఇంజనీరమ్మ కనబడేలా చేసింది ఎవరు?

బాసరలో 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ ఇంకో మాట చెబుతుంది. అక్కడ పదో తరగతి మార్కుల మీద నేరుగా ఆరేళ్ళ చదువులో చేర్చుకుంటారు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. కోచింగు లేదు, ప్రవేశ పరీక్ష లేదు. ఇటీవలి ఏళ్ళ ఎంపిక జాబితాల్లో అబ్బాయిల కన్నా అమ్మాయిలే ఎక్కువ. ఇంజనీరింగుకు వెళ్ళే దారిలో కోచింగు ఖర్చు తీసేసి, ఉండటానికి చోటిస్తే, లెక్కలంటే భయపడతారని చెప్పిన ఆ ఆడపిల్లలే వరసలో ముందుకు వచ్చి నిలబడ్డారు. అక్కడ అన్నీ బాగున్నాయని కాదు. 2022 జూన్‌లో ఆ పిల్లలు వసతుల కోసం ఎండలో, వానలో రోజుల తరబడి కూర్చున్నారు, అందులో అమ్మాయిలూ ఉన్నారు. కాని పిల్లలకు ఇష్టం లేదు అనే వాదనకు బాసర జాబితా మంచి జవాబు.

ఇప్పుడు మన సంగతి. నేను బయటినుంచి వచ్చి మీకు చెప్పడం లేదు, నా పనిలో కూడా ఇదే లోపం ఉంది. మనం బాల్యవివాహం ఆపుతాం, బడి మానేసిన పిల్లను మళ్ళీ చేరుస్తాం, లెక్క రాసుకుంటాం. 1993లో రాష్ట్రంలో మహిళా సమత మొదలై, తర్వాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు వచ్చినప్పుడు ఆడపిల్ల బడికి రావడమే పోరాటం. 2016లో కేంద్రం ఆ కార్యక్రమానికి నిధులు ఆపేసింది, అప్పటికి ఆ సంఘాల తల్లుల కూతుళ్ళు ఇంటర్ దాకా వచ్చారు. మన రిపోర్టుల్లో మాత్రం ఇప్పటికీ 'ఇంటర్‌లో చేరినవారు' అని ఒకటే గడి ఉంటుంది. ఏ గ్రూపు, ఆ గ్రూపు ఎవరు చెప్పారు, ఆ కాలేజీలో ఆ విషయానికి లెక్చరర్ ఉన్నాడా, గెస్టా, ఖాళీయా, ఈ గడులు మన ఫారంలో లేవు. మనం అడగనిది అధికారులు ఎందుకు చెబుతారు? లెక్కల లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉండటం విద్యాశాఖ వ్యవహారమని ఊరుకుంటున్నాం. అది ఆ మండలంలోని ఆడపిల్లల హక్కు మీద దెబ్బ. మగపిల్లవాడిని హన్మకొండో హైదరాబాదో పంపుతారు. ఖాళీ కుర్చీ ముందు కూర్చునేది ఆడపిల్లే.

మనలో కొందరు కౌన్సెలింగ్ శిబిరాలు పెడుతున్నారు. మంచిదే. కాని జూన్‌లో పెడుతున్నారు, ఫారాలు నిండిపోయాక. మే నెలలో పెట్టండి, ఫలితాలు వచ్చిన వారంలో. తండ్రిని ఒక్కడినే పిలవకండి, చిన్నబాపులను కూడా పిలవండి, వాళ్ళే ఫారాలు నింపుతారు. పిల్లను విడిగా కూర్చోబెట్టి ఒక అరగంట మాట్లాడండి, మొదట చెప్పిన జవాబు రాసుకోకండి. గోడ మీద పెద్ద మహిళా శాస్త్రవేత్తల పటాలు అక్కర్లేదు. సెంటినరీ కాలనీ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థినిని, పెద్దపల్లి నుంచి ఒక లెక్కల టీచరమ్మను, రామగుండం నుంచి ఒక మెడికల్ విద్యార్థినిని, దగ్గరి ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మను తీసుకురండి. జీతం ఎంతో, కష్టం ఎంతో వాళ్ళ నోటితోనే చెప్పించండి. బైపీసీ కావాలన్న పిల్ల బైపీసీకే పోవాలి, ఆమెకు ఫిజిక్సులో వచ్చే లెక్కలు ఎవరు చెబుతారో కాలేజీని అడగండి. హెచ్ఈసీ కావాలన్న పిల్లను ఏడిపించకండి, నేను చివరికి అటే వచ్చాను, బతికే ఉన్నాను.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మండలాల వారీగా కూర్చుందాం. ఒక్కొక్కరు మీ మండలంలో ఉన్న జూనియర్ కాలేజీలు, కస్తూర్బాలు, ఆదర్శ పాఠశాలల పేర్లు రాయండి. పక్కన ఏ గ్రూపులున్నాయో, ఏ లెక్చరర్ పోస్టు ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉందో రాయండి. మూడో వరసలో పొద్దున తొమ్మిది లోపు ఏ ఊరి నుంచి బస్సు వస్తుందో రాయండి. తెలియనిచోట ఖాళీ వదలండి, రేపు కలిసిపోయి కనుక్కుందాం. డిపో మేనేజరును పదకొండింటికి కలుస్తామని ముందే చెప్పి ఉంచారు.